పచ్చపట్టీ కింద ఎర్రమాట

గత వారం రోజారమణిని మనం విడవలూరు దాటాక, తారు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట వదిలేశాం. నరేంద్రబాబుగారి కారులో వెనక సీట్లో ఉంది. ఒళ్ళో ఒక కాగితం ఉంది. కారు దొరువుపాళెం వైపు పోతోంది. ఇసుకలో బండి దిగబడితే బాగుండునని ఆమె మొక్కుకుంది. దిగబడలేదు. కారు తప్పించుకున్న ఆ యోగం కాసేపట్లో ఆమెకే పట్టబోతోంది.

అసలు సంగతి ఇది. నెల్లూరు తీరంలో చేపలు పట్టేవాళ్ళకీ, రొయ్యలు పెంచేవాళ్ళకీ కావలసిన సమాచారమంతా ఒకచోట పెట్టిన వెబ్‌సైటు పేరు తీరదీపం. అలల ఎత్తు, గాలి వేగం, రొయ్యలకొచ్చే తెల్లమచ్చ రోగం, డీజిల్ సబ్సిడీ, బోటు రిజిస్ట్రేషను, ఏది అడిగినా ఒక పేజీ ఉంటుంది. మొత్తం ఆరువేల నాలుగు వందల పేజీలు. అన్ని గదులున్న ఇంటికి వసారా ఒక్కటే, దాని పేరు హోమ్ పేజీ. నూరుమందిలో తొంభైనాలుగు మంది ఆ వసారా తొక్కనే తొక్కరని ఆరునెలల కిందట లెక్క తీసింది రోజారమణే. సెర్చ్‌లోంచో, ఎవరో పంపిన లింకులోంచో జనం నేరుగా లోపలి గదిలోకి దిగుతారు, పని చూసుకుని పోతారు. ఇల్లెవరిదో వాళ్ళకి తెలియదు.

"మన మాట వసారాలో తగిలించి ఏం లాభం సార్? లోపల ప్రతి గదిలోనూ ఉండాల" అని మీటింగులో చెప్పింది కూడా ఆమే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాటలో తప్పు లేదు. తప్పు తర్వాత వచ్చింది.

హైదరాబాదు నుంచి బ్రాండువాళ్ళు వచ్చారు. వచ్చింది బ్రాండే అనుకున్నారు గానీ, వెనకే చావుబ్యాండు కూడా వస్తోందని ఎవరికీ వినపడలేదు. మూడు నెలలు కూర్చుని వాళ్ళు ఒక నినాదం కట్టారు. 'ధైర్యంగా సాగండి, మీ వెంట తీరదీపం.' ఆకుపచ్చ పట్టీ మీద తెల్లటి అక్షరాలు. నినాదంలో అక్షరాలు కాస్త అటూ ఇటూ జరిపితే నిదానం అవుతుంది. ఆ ఆఫీసులో ఎవరికీ జరపాలని తోచలేదు.

రోజారమణి ఒక అచ్చు తయారుచేసి, పోయిన గురువారం మధ్యాహ్నం ఒక్క నొక్కు నొక్కి అన్ని పేజీల నెత్తినా ఆ పట్టీ కట్టింది. ఇరవై పేజీలు తెరిచి సరిచూసుకుంది. అందులో సముద్ర హెచ్చరికల పేజీ ఒకటి. ఆఫీసులో ఆమె ముందుండే స్క్రీను తలుపంత. దానిమీద పైన పచ్చపట్టీ, కింద ఎర్ర హెచ్చరిక, రెండూ ఒకే చూపులో కనిపించాయి. అరచేతిలో ఫోను మీద పచ్చది ఒక్కటే మిగిలి ఎర్రది కిందికి జారిపోతుందని ఆమె చూడలేదు. పట్టీ కట్టింది గానీ పట్టి చూడలేదు.

ఇక్కడితో నవ్వు చాలు.

దొరువుపాళెంలో మగవాళ్ళు వేటకు పోయేముందు పేజీలూ గీజీలూ చూడరు. వీధికొక ఆడమనిషి చూస్తుంది. సందేళ ఆమె హెచ్చరికల పేజీ తెరిచి, పైన కనిపించినంతా ఫోటో తీసి వీధి గ్రూపులో పెడుతుంది. ఒడ్డున సిగ్నలు సరిగ్గా ఉండదు కాబట్టి పేజీ తెరుచుకోదు, ఫోటో అయితే ఎలాగో చేరుతుంది. తూర్పు వీధి పన్నెండు బోట్లకూ అలా చూసి పంపేది చెంచమ్మ. ఆ గురువారం సందేళ ఆమె పంపిన ఫోటోలో ఉన్నది ఒకే మాట. ధైర్యంగా సాగండి.

శుక్రవారం తెల్లారేసరికి నాలుగు బోట్లు దిగాయి. మూడు బోట్లు అలల తీరు చూసి తిరిగొచ్చాయి. అన్నిటికంటే ముందు పోయిన బోటు తిరగబడింది. అందులో ముగ్గురు. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డెక్కారు. మూడోవాడు మస్తానయ్య, చెంచమ్మ మొగుడు. ఇవాళ సోమవారం. శవం కూడా రాలేదు.

కారులో నరేంద్రబాబు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. తీరదీపం మొదలుపెట్టినవాడు ఆయనే. చెడ్డవాడు కాదు. నాలుగు రోజులుగా ఆయనా నిద్రపోలేదు.

"రోజా, కాగితంలో ఉండేది ఉండేట్టు చదువు. ఒక్క ముక్క ఎక్కువ వద్దు."

"సార్, అందులో చెంచమ్మక్క సరిగ్గా చదవలేదని ఉండాది."

"చదవలేదు గదా. హెచ్చరిక అదే పేజీలో ఉండాది. ఉండాదా లేదా?"

"ఉండాది."

"మరి? చూడమ్మా, ఈ పాళేలు మనల్ని నమ్మడానికి ఆరేళ్ళు పట్టింది. తప్పు మాది అని ఒక్కసారి అంటే రేపట్నించి ఆ పేజీ ఎవురూ తెరవరు. బుధవారానికి ఇంకో వాయుగుండం ఉండాది. తెరవకపోతే ఎన్ని బోట్లు పోతాయో నువ్వే ఆలోచించుకో. ఒక మనిషి పేరు నిలబెట్టడానికి నూరుమందిని ముంచుతామా?"

రోజారమణిది మనుబోలు, వరి పండించే ఇల్లు. నీళ్ళంటే మోకాలి లోతే తెలిసిన మనిషి.

"ఆ పేజీలో పట్టీ తీసేసినారా సార్?"

"టెక్నికల్ వాళ్ళకు చెప్పినాను."

ఆమె మళ్ళీ అడగలేదు. శుక్రవారం నుంచి ఆ పేజీ తెరవడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

వలలు బాగుచేసుకునే పందిరి కింద ఊరు కూర్చుని ఉంది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. పందిరి నీడ ఎక్కడ ఆగిందో అక్కడికి రెండు బారల అవతల, ఎండలో, ఇసుకలో ఒక్కతే కూర్చుని ఉంది చెంచమ్మ. మెడలో తాడు అలాగే ఉంది. తీయమనడానికి శవం లేదు, ఉంచుకోమనడానికి మనిషి లేడు.

ఆమె మీద ఊరు దురాయి వేసింది. దురాయి అంటే పాళేనికి పెద్ద అయిన పెద్దకాపు నోటి కట్టుబాటు. సంగతి తేలేదాకా చెంచమ్మతో ఎవరూ మాట్లాడకూడదు, ఆమెకు చేప ఇవ్వకూడదు, ఆమె చేతి నీళ్ళు తాగకూడదు. ఆమె ఫోను నాలుగు రోజులుగా పెద్దకాపు పెంచలయ్య చొక్కా జేబులో ఉంది. ఇవాళ తేలకపోతే దురాయి ఏడాదికి ఖాయం. ఏడాదిపాటు చేప దొరకని చేపలమ్మి ఏం తిని బతుకుతుందో చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

"రాండి సార్, కూర్చోండి" అన్నాడు పెంచలయ్య. డెబ్బై ఏళ్ళుంటాయి, గొంతు మాత్రం ఒడ్డు నుంచి బోటుకి వినపడేంత. "ఈయమ్మ ఏం పంపిందో మా అందరి ఫోన్లలో ఉండాది. మీ దాంట్లో ఏం రాసినారో మీరు చెప్పండి. రెండూ విని మేము చెప్తాం."

"ఏంది వినేది?" ఆడవాళ్ళ మధ్యనుంచి పోలేరమ్మ లేచింది. మస్తానయ్య తల్లి. "పదో తరగతి చదివినాను, నేను చూస్తా, నేను పంపుతా అని ఎగిరింది. చూసింది. పంపింది. నా బిడ్డని పంపింది."

"కూర్చో పెద్దమ్మా" అన్నాడు శివశంకర్. ఈదుకుని వచ్చిన ఇద్దరిలో ఒకడు, చేతులకింకా కట్లున్నాయి. "ఏటి మొగలో నీళ్ళు చూసి మేము ఆగుదామనే అన్నాం. మస్తానన్నే ఒప్పుకోలా. మా ఇంటామె ఊరికే పంపదురా, కిందా పైనా చూసే పంపుద్ది అని నవ్వినాడు. అదే ఆఖరి నవ్వు."

కామాక్షి అనే ఆమె పెదవి విరిచింది. "కిందా పైనా చూసేదానికి తీరికేదిలే. ఫోటో తీసి పారేసుంటది."

నవ్వబోయిన ఒకరిద్దరు పెద్దకాపు ముఖం చూసి మానుకున్నారు.

నరేంద్రబాబు తల ఊపాడు. రోజారమణి లేచి కాగితం విప్పింది. సముద్రపు గాలికి కాగితం ఎగరబోతే రెండు చేతులా పట్టుకుంది.

"దొరువుపాళెం గ్రామ పెద్దలకు. జరిగిన ప్రమాదానికి తీరదీపం సంస్థ తీవ్ర సంతాపం తెలియజేస్తున్నది. గురువారం నాడు సముద్ర హెచ్చరిక అదే పేజీలో, ఎర్ర అక్షరాలతో, స్పష్టంగా ఉన్నది. పేజీని పూర్తిగా చదవకపోవడం వలన..."

"చదివినా."

ఎండలోంచి వచ్చింది ఆ మాట. నాలుగు రోజుల్లో చెంచమ్మ నోరు తెరవడం అదే మొదలు.

పెద్దకాపు ఆమెవైపు తిరిగాడు. దురాయి వేసినవాడే దాన్ని కాసేపు పక్కన పెట్టాలి, వేరే దారి లేదు. "ఏందమ్మా నువ్వనేది?"

"కిందికి జరిపి చదివినా పెద్దాయనా. ఎర్రగా ఉండాది. గాలి ఎక్కువ, అలలు ఎక్కువ, వేటకు వెళ్ళవద్దు అని. అంతా చదివినా."

పోలేరమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. ఇందాక తల ఊపిన నరేంద్రబాబు కూడా ఇప్పుడు తల ఊపలేదు. చదవలేదని నిరూపించడానికి వచ్చిన కాగితం, చదివానని ఆమే అంటుంటే, రోజారమణి చేతిలో దేనికీ పనికిరాకుండా పోయింది.

"చదివి గూడా పంపినావా?" పెంచలయ్య గొంతు తగ్గింది. ఆయన గొంతు తగ్గడం ఊరు ఎప్పుడూ వినలేదు.

"పంపినా. పైన పచ్చగా ధైర్యంగా సాగండి అని ఉండాది గదా. పైన ఉండేది కొత్త మాట. కింద ఉండేది పాత మాట. పొద్దున పోవద్దని పెట్టుంటారు, సందేళకి గాలి పడిపొయ్యుంటది, పొమ్మని పైన మార్చుంటారు అనుకున్నా. మూడేళ్ళుగా అట్టానే గదా ఆ పేజీ. పోయిన తుఫానప్పుడు కింద ఎర్రది ఉండంగానే పైన 'ఇక వేటకు వెళ్ళవచ్చు' అని వచ్చింది. దాన్నే ఫోటో తీసి పంపినా. ఆ దినం అందురూ పొయినారు, బుట్టలు నిండా తెచ్చుకున్నారు. ఆ దినం కింద ఉండేది ఎందుకు పంపలేదని నన్నెవురూ అడగలా."

పడమటి వీధికి ఫోను చూసే ఆమె మెల్లిగా అనింది, "నేనూ అట్టానే అనుకున్నా. మా వీధి బోట్లు వలలు చినిగి ఆగిపొయినాయి గానీ, నేనూ అదే పంపినా."

నరేంద్రబాబు లేచాడు. "అమ్మా, అది మీకు చెప్పిన మాట కాదు. అది మా సంస్థ గుర్తు. మేమెవరమో తెలిసేదానికి పెట్టుకున్నది. ఒక్క ఆ పేజీలోనే కాదు, అన్నిట్లోనూ ఉండాది. రొయ్యల పేజీ తెరిచినా అదే ఉంటది."

"నేను రొయ్యల పేజీ చూడను సార్" అనింది చెంచమ్మ. "నాకు రొయ్యలు లేవు."

రోజారమణికి ఆ మాటతో అసలు సంగతి తెలిసింది. ఆరువేల నాలుగు వందల పేజీలనూ కట్ట కట్టి చూసేవాళ్ళు ఆఫీసులో కూర్చునేవాళ్ళే. బయట ఒక్కొక్కరికీ ఉండేది ఒక్కటే పేజీ. ఒకే పేజీ ఉన్న మనిషికి దాని మీద రాసింది గుర్తు కాదు, కబురు. నూటికి తొంభైనాలుగు మంది నేరుగా లోపలికే వస్తారని లెక్క కట్టి చెప్పిన తనే, అలా వచ్చిన మనిషి ఆ గదిలో నిలబడి ఆ మాటను ఎలా చదువుకుంటుందో ఒక్క పూట ఆలోచించలేదు.

పెద్దకాపు అడిగాడు. "పైన ఉండేదే కొత్త మాట అని నీకెవురు చెప్పినారమ్మా?"

చెంచమ్మ తలెత్తింది. చూపు పందిరంతా తిరిగి రోజారమణి మీద ఒక్క క్షణం ఆగింది. అక్కణ్ణించి ఇసుక మీదికి దిగింది.

"గుర్తులేదు పెద్దాయనా. చానా దినాలయింది."

గుర్తుంది. ఇద్దరికీ గుర్తుంది. మూడేళ్ళ కిందట ఇదే పందిరి కింద నలభైమంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఫోనులో పేజీ చూడటం నేర్పింది రోజారమణి. చీకటి పడితే చెంచమ్మ ఇంట్లోనే పడుకుంది. మస్తానయ్య పెద్ద వంజరం చేప ముక్కలు ఆమె కంచంలో వేసి, "మనుబోలోళ్ళు చేపంటే చెరువు చేపే అనుకుంటారు, తినమ్మా" అని ఎగతాళి చేశాడు. తిన్న ఇంటి మనిషి ఇవాళ తనని కాపాడుతోంది. ఏడాది దురాయి నెత్తిన పెట్టుకుని కాపాడుతోంది.

"పెద్దాయనా, ఆ ఫోను ఒకసారి ఇస్తారా?"

"రోజా" అన్నాడు నరేంద్రబాబు. గట్టిగా అనలేదు.

ఆమె ఫోను అందుకుంది. వెనక రబ్బరు కవరు గోటితో లేపింది. అక్కడ ఉంటుందని ఆమెకు తెలుసు. అక్కడ పెట్టుకోమని చెప్పింది తనే. కవరుకీ ఫోనుకీ మధ్య ప్లాస్టిక్ పొర వేసిన చిన్న కార్డు, అంచులు పసుపెక్కి ఉంది. దాన్ని పెద్దకాపు చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు వెతుక్కుంటుంటే తనే చదివింది. చదవడానికి చూడనక్కర్లేదు.

"పేజీలో అన్నిటికంటే పైన ఉన్నదే తాజా మాట. కింద ఉన్నవి పాతవి. పైన ఉన్న మాటనే నమ్మండి, దాన్నే అందరికీ పంపండి." ఆగింది. "ఈ రాత నాది. చెంచమ్మక్కకి నేర్పింది నేను. పచ్చపట్టీ అన్నిటికంటే పైన పెట్టింది గూడా నేనే. నేను నేర్పింది నేనే మర్చిపొయినా. ఆమె మర్చిపోలా. ఆమె చేసిందంతా సరిగ్గా చేసింది పెద్దాయనా. మేము ఎట్టా చెప్పినామో అట్టా చేసింది."

చేతిలో కాగితాన్ని ఆమె చించలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది.

నరేంద్రబాబు చెవి దగ్గర ఫోనుతో పందిరి దాటి కారు వైపు నడిచాడు. ఆయన్ని ఎవరూ ఆపలేదు.

పెంచలయ్య కళ్ళజోడు పెట్టుకుని కార్డు తనూ ఒకసారి చదివాడు. తర్వాత లేచి ఎండలోకి నడిచాడు. చెంచమ్మ పక్కన ప్లాస్టిక్ చెంబులో నీళ్ళున్నాయి, నాలుగు రోజులుగా ఆమె తప్ప ఎవరూ ముట్టని చెంబు. ఆయన వంగి దాన్నెత్తి ఊరంతా చూసేట్టు మూడు గుక్కలు తాగాడు. దురాయి తీసెయ్యడానికి వేరే మాట అక్కర్లేదు.

పోలేరమ్మ లేచింది. ఏం అంటుందోనని ఆడవాళ్ళు పక్కకు జరిగారు. ఆమె నీడ దాటి పోయి కోడలి పక్కన ఇసుకలో కూలబడింది. కాసేపయ్యాక తన పైటకొంగు లాగి, సగం తన నెత్తిన, సగం చెంచమ్మ నెత్తిన ఎండ తగలకుండా కప్పింది. ఇద్దరూ సముద్రం వైపే చూస్తున్నారు.

అప్పుడు పెద్దకాపు రోజారమణి దగ్గరికొచ్చాడు. "నిజం చెప్పినావు. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం, నీ మీద కోపం లేదని అనను. ముందు ఇది చెప్పు. ఆ పచ్చపట్టీ తీసేసినారా?"

"తీసెయ్యమని చెప్పినారంట."

"చెప్పింది గాదు నేనడిగేది."

చెంచమ్మ ఫోను ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పేజీ తెరిచింది. ఒక్క గీత సిగ్నలు. తెల్లటి తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

పైన పచ్చగా ఉంది. ధైర్యంగా సాగండి, మీ వెంట తీరదీపం.

వేలితో కిందికి జరిపింది. ఎర్రగా ఉంది, ఇవాళ్టి తేదీ. వాయుగుండం బుధవారం దాకా ఆగలేదు. రేపు తెల్లవారుజాము నుంచి వేటకు వెళ్ళవద్దు.

కామాక్షి ఎప్పుడొచ్చిందో భుజం మీదుగా తొంగి చూసింది. ఆమె ముఖంలో ఇందాకటి వెటకారం లేదు. "మా చెల్లెలు కోట కాడ పాళెంలో ఉండాది. దాని వీధికి అదే చూసి పంపేది. ఇంకో గంటలో చూసుద్ది."

ఇంకో గంటలో సందేళ. తీరం పొడుగునా ఎన్ని పాళేలో, ఎన్ని వీధులో, వీధికొక చెంచమ్మ. పట్టీ తనే తీసేద్దామని రోజారమణి తన ఫోను తీసి సైటు లోపలికి పోయే దారి తెరిచింది. పాస్‌వర్డు కొట్టింది. తప్పు అంది. మళ్ళీ నిదానంగా కొట్టింది. ఈ ఖాతాకు అనుమతి నిలిపివేయబడినది అంది. తలెత్తేసరికి కారు ఇసుక దారిలో చిన్నదైపోతోంది. నరేంద్రబాబు నంబరు నొక్కింది. ఎంగేజ్ వచ్చింది.

ఇసుకలోంచి లేచొచ్చి, తెర మీది రెండు మాటలూ చూసి, చెంచమ్మ చెయ్యి చాపింది. నాలుగు రోజుల తర్వాత తన ఫోను తను తీసుకుంది. గ్రూపు తెరిచింది. అక్షరాలు కొట్టబోయి ఆగి, రోజారమణి ముఖంలోకి చూసింది.

"పోవద్దని నేను పెడతా. తీరమంతా తెలిసేట్టు పెడతా. కానీ రోజా, వాళ్ళ ఫోన్లలో పైన పచ్చగా సాగమని ఉంటే, మొగుణ్ణి పంపుకున్నదాని మాట ఎవురు నమ్ముతారు?"